ప్లాస్టిక్ బెంచికి చెదలు

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మనిషికి యముడికన్నా మేనేజరంటేనే భయం ఎక్కువ. నాకు మరీను. డిగ్రీ అయ్యాక చాలాకాలం ఖాళీగా ఉంటే వికారాబాదులో ఒక మంచినీళ్ళ సీసాల కంపెనీ పిలిచి ఉద్యోగమిచ్చింది. అప్పటినుంచే మా అమ్మ మళ్ళీ చుట్టాలిళ్ళకు తలెత్తుకుని వెళ్తోంది. కంపెనీ చేసే మంచిపనుల గురించి అందంగా రాయడం నా పని. "పారేసిన సీసాలు కరిగించి తాండూరులో బెంచీలు వేశాం" అని రాశాను. మేనేజరు సారు చెప్పారు, నేను నమ్మాను. (నాపరాళ్ళ ఊరికి ప్లాస్టిక్ బెంచీలెందుకని అనుమానమైనా రాలేదు.)

అది నిజమో కాదో చూడడానికి పట్నం నుంచి ఒక తనిఖీ మేడం వస్తున్నారని తెలిసి, నేను ముందుగానే తాండూరు చేరాను. బస్టాండు పక్కన ఆకుపచ్చ బెంచి నిగనిగలాడుతోంది. మురిసిపోయి తుడవబోతే రంగు పెచ్చు ఊడింది. కింద చెక్క, చెక్క నిండా చెదలు! పక్కన ఛాయ్ అమ్మే చాచా తొంగిచూసి, "అరె బేటీ, ప్లాస్టిక్‌కు చెదలు వట్టినయా? ఖయామత్ వచ్చిందా ఏంది, దునియా మునుగుతదా!" అని పకపకా నవ్వాడు. వెంటనే సారుకు ఫోన్ చేశాను. "జర దాని మీద కూసో. మేడం పోయేదాంక లేవకు. లేస్తివా, నీ నౌకరి గాయబ్" అన్నారు.

కూర్చున్నాను. మేడం వస్తే లేవకుండానే దండం పెట్టాను. (అంత పెద్దావిడ నిలబడితే నేను కూర్చోవడం! మా అమ్మ చూస్తే చెంప పగిలేది.) ఒళ్ళంతా చెమట, నోట్లో తడి లేదు, పైగా చెదపురుగులు చున్నీ ఎక్కుతున్నాయి. "కాళ్ళు నొస్తున్నయా బిడ్డా?" అని ఆవిడ జాలిగా అడిగారు. "అవు మేడం" అన్నాను. "అయితే నేను గూడ జర కూసుంట" అని పక్కన కూర్చున్నారు. అంతే, ఫెళ్ళుమంది. ఇద్దరం మట్టిలో పడ్డాం.

"అది చెక్క మేడం, నా నౌకరి పోతది" అని అక్కడే బావురుమన్నాను. ఆవిడ నడుం పట్టుకుని, "చెక్కనే అని నా నడుముకు గూడ తెలిసింది తియ్యి" అన్నారు.

నౌకరి పోనే పోయింది. అమ్మ మళ్ళీ చుట్టాలిళ్ళకు వెళ్ళడం మానేసింది. ఇప్పుడు ఆ మేడం దగ్గరే పనిచేస్తూ అట్లాంటి తనిఖీలకు నేనే వెళ్తున్నాను. ఏ ఊళ్ళోనైనా ఓ కొత్త పిల్ల చెమటలు కక్కుతూ, మరీ వినయంగా నవ్వుతూ ఒకేచోట అతుక్కుపోయి కనిపిస్తే నా సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇస్తాను. "ముందు కొన్ని నీళ్ళు తాగు బిడ్డా" అంటాను. ఆ తర్వాతే, కొంచెం పక్కకు జరగమంటాను.