రాకెట్టుకి నుదురెక్కడ

చుక్కల్ని ఎవరి సలహా అడగకుండా తన ఇష్టప్రకారం పైన నిలబెట్టిన దేవునికి స్తోత్రం. తిరువూరు ఎండనీ, ఆ ఎండకే పండే మామిడినీ ఒకే చేత్తో ఇచ్చిన దేవునికి స్తోత్రం. మనిషికి తెలివి ఇచ్చి, ఇచ్చినదాన్ని పట్టుచీరలా బీరువాలో దాచుకుంటున్నా విసుక్కోకుండా భరిస్తున్న దేవునికి ఇంకాస్త ఎక్కువ స్తోత్రం. ఆ ఓర్పులో మా కుటుంబం మీదే ఎంత ఖర్చవుతుందో నాకు తెలుసు కనుక, ముందుగా ఆయనకి చెందవలసింది ఆయనకి చెల్లించి మొదలుపెడుతున్నాను.

మా తమ్ముడు కరెంటాఫీసులో ఉద్యోగి, మా సంఘంలో పెద్ద. సంఘ పెద్ద అంటే మా దగ్గర, ఆదివారం ఆరాధనలో మైకు ఎవరి చేతికి ఎంతసేపు ఇవ్వాలో తేల్చేవాడు. వాడికి ఒక్కతే కూతురు, పోయిన వేసవికి తొమ్మిదో తరగతి పూర్తయింది. నేను పెళ్లి చేసుకోలేదు. బడిలో పిల్లలకి పాఠాలు, సండేస్కూల్లో బైబిలు వాక్యం చెప్పుకుంటూ వాళ్ల మేడమీది గదిలో ఉంటాను. కింద ఇంట్లో గట్టిగా అనుకున్న మాటలన్నీ నాకు వినపడతాయి. నెమ్మదిగా అనుకున్నవి మా మరదలు పైకొచ్చి చెబుతుంది.

ఆ వేసవిలో గట్టిగా వినపడిన మాట అంతరిక్షం. బెజవాడ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలకి అంతరిక్ష విద్యా శిబిరం పెడుతున్నారనీ, మూడు రోజులనీ, కుటుంబాలు కూడా వచ్చి ఉండొచ్చనీ మా పిల్ల బడిలో విని వచ్చింది. అది పూర్తిచేసిన పిల్లలకి చలికాలంలో ఇంకో శిబిరం ఉంటుందట. వారం రోజులది. అక్కడ నిజంగా మందు కూరి, నిప్పు పెట్టి రాకెట్లు ఎగరేస్తారట. దానికి వెళ్లాలంటే బహుమతులేమీ రానక్కర్లేదు, ఇంట్లో ఒప్పుకుంటే చాలు. పిల్లకి కావలసింది ఆ రెండోది. వేసవిది దానికి గుమ్మం మాత్రమే. ఈ సంగతి మొదటి రోజే దాచకుండా చెప్పింది. దాచడం దానికి రాదు, అదే దాని తిప్పలు.

మా తమ్ముడు వద్దన్నాడు. ఆకాశం గురించి చదివినవాళ్లు ఆకాశంలో ఉన్నవాణ్ణి మర్చిపోతారని వాడి భయం. పొద్దస్తమానం కరెంటుతో పనిచేస్తున్నావు, నీకేమైనా భక్తి తగ్గిందా అని నేనడిగాను. వాడు లేచి అయ్యగారి దగ్గరికి వెళ్లాడు. మా పాస్టరు గారిని మేం అయ్యగారనే అంటాం. ఆయన కాసేపు కళ్లు మూసుకుని, వెళ్లనివ్వండి, కానీ తిరిగొచ్చాక సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాలి అన్నారు. దేవుడు తన జీవితంలో చేసిన మేలును అందరి ముందూ చెప్పడం సాక్ష్యం. మా సంఘంలో బస్సు దొరికినా చెబుతారు, ఆ బస్సులో సీటు దొరికితే ఇంకోసారి చెబుతారు. ఒక చిన్న సీసాలో ప్రార్థన చేసిన నూనె కూడా ఇచ్చారు. ఒలీవ నూనె అన్నారు. మా మరదలు మూత తీసి వాసన చూసి, మన కొబ్బరినూనే వదినా అంది.

ఆ ఆదివారమే తమ్ముడు మైకు తీసుకుని, రాష్ట్రం మొత్తం మీద దేవుడు తన కూతుర్ని ఏర్పరచుకున్నాడని ప్రకటించాడు. అడిగినవాళ్లందర్నీ ఆ శిబిరంలో చేర్చుకుంటున్నారని పిల్ల పక్కనుంచి గొణిగింది. మైకు వాడి చేతిలో ఉంది కనుక ఆ గొణుగుడు ఎవరికీ వినపడలేదు.

అద్దె కారులో నలుగురం బయల్దేరాం. రెడ్డిగూడెం తోటల నుంచి తెప్పించిన మామిడిపళ్ల బుట్ట నా ఒళ్లో, నూనె సీసా తమ్ముడి జేబులో. పిల్ల ఒళ్లో మాత్రం రెండు ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు. అక్కడ ఇస్తారులే అంటే, ఇవి గట్టివి అత్తా, వారం రోజులు చూసి ఏరాను అంది.

శిబిరం గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. గేటు దగ్గర వ్యోమగామి బొమ్మ గీసిన అట్ట నిలబెట్టారు, మొహం ఉండాల్సిన చోట కంత. పిల్లలకంటే ముందు తండ్రులు ఆ కంతలో మొహాలు పెట్టి ఫోటోలు దిగారు. మా తమ్ముడు కూడా దిగి, మహిమ దేవునికే అని రాసి ఫోన్లో స్టేటస్ పెట్టుకున్నాడు. చంద్రుడి మీద మనిషి తేలినట్టు తేలే గది అన్నదాంట్లోకి వెళితే, గాలి నింపిన పరుపు మీద పిల్లలు గెంతుతున్నారు. అది మా ఊరి తిరునాళ్లలోనూ ఉంటుంది, కాకపోతే అక్కడ దాన్ని చంద్రుడనరు.

కానీ శిబిరం నడిపే పెద్దాయన, రిటైరైన లెక్చరరు, అసలైన మనిషి. చెప్పిందే చెప్పకుండా, తెలియంది తెలియదంటూ పాఠం చెప్పాడు. మా సంఘంలో ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో నేను చూడలేదు. ఆయన దగ్గర పిల్లలు నీటి రాకెట్టు చేయడం నేర్చుకున్నారు. సీసాలో కొంత నీళ్లు పోసి, మూతికి రబ్బరు బిరడా బిగించి, తలకిందులుగా నిలబెట్టి, బిరడాలోంచి సైకిల్ పంపుతో గాలి కొట్టాలి. లోపల గాలి బలిసేదాకా బిరడా జారకుండా మూతిని పట్టుకుని ఉండాలి. ఇక పట్టుకోలేక అది వదిలేస్తే, నీళ్లు కిందికీ సీసా పైకీ. ఎంత బిగువుగా పట్టుకుంటే అంత ఎత్తు. మా పిల్ల రెండు రోజులూ ఆ బిరడా చుట్టూనే తిరిగింది. అరగదీసి, మూతికి అతికినట్టు కుదిరేదాకా వదల్లేదు. పాత ఫైలు అట్టలతో రెక్కలు కోసింది. రాత్రి భోజనం దగ్గర కూడా రెండో శిబిరం గురించే మాట్లాడింది. అక్కడికి పంపిస్తారా నాన్నా అంటే, ముందు ఇది ఎగరనీ, సాక్ష్యం చెప్పు, చూద్దాం అన్నాడు తమ్ముడు.

మూడో రోజు పొద్దున రాకెట్లన్నీ వరండాలో బల్లల మీద పేర్చారు, కుటుంబాలు చూసుకోవడానికి. మా పక్క బల్ల గంపలగూడెం వైపు నుంచి వచ్చిన ఒక రైతు కుటుంబానిది. వాళ్ల నాయనమ్మ మనవడి రాకెట్టుకి కుంకుమ బొట్టు పెట్టి, రెక్కకి దారంతో నిమ్మకాయ కట్టి, మెట్ల పక్కన కొబ్బరికాయ కొట్టింది. చూసి మా తమ్ముడు జేబులో చెయ్యి పెట్టాడు.

మా సంఘంలో ఏది కొత్తగా వచ్చినా నూనె రాసి ప్రార్థన చేస్తాం. మనిషికైతే నుదుటి మీద, ఇంటికైతే గుమ్మానికి, బండికైతే హ్యాండిలుకి. బోరు వేసినప్పుడు మోటారు స్టార్టరుకి రాయడం నేను చూశాను. కానీ రాకెట్టు మాకు ఇదే మొదటిది. వాడు సీసా విప్పుకుని ఆలోచనలో పడ్డాడు.

"అక్కా, దీనికి నుదురెక్కడ?"

"కూల్‌డ్రింకు సీసాకి నుదురేంట్రా?"

పైన మొనదేలిన చోటు నుదురు కావచ్చని మా మరదలు అంది. వాడు ఒప్పుకోలేదు. శక్తి ఎక్కడ నుంచి బయల్దేరుతుందో అక్కడ రాయాలి, గుమ్మానికి రాయడంలో అర్థం అదేనని వివరించాడు. ప్రసంగంగా చూస్తే అది మంచి ప్రసంగం. ప్రార్థన చేద్దాం అన్నాడు, కళ్లు మూసుకున్నాం. పక్క బల్ల వాళ్లకి కూడా వినపడేలా, వినపడాలనే, ప్రార్థించాడు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి సీసా మూతి నిగనిగలాడుతోంది. బిరడా పెళ్లికొడుకు జుట్టులా ఉంది. పిల్ల అప్పుడు లోపల పాఠంలో ఉంది.

మైదానంలో ఒక్కొక్కరి పేరూ పిలిచారు. అందరికంటే ఎత్తు లేచినదానికి బహుమతి. నిమ్మకాయ కట్టిన రాకెట్టు కాలేజీ మేడ ఎత్తు లేచి చెట్ల అవతల పడింది. తర్వాత మా పిల్ల వంతు. నీళ్లు పోసి, బిరడా బిగించి, నిలబెట్టి పంపు అందుకుంది. గట్టిగా రెండుసార్లు కొట్టిందో లేదో, బిరడా సుళువుగా జారిపోయింది. రాకెట్టు మనిషెత్తు కూడా లేవకుండా పక్కకి ఒరిగి, ముందు వరసలో నిలబడి చేతులెత్తి స్తుతిస్తున్న మా తమ్ముడి చొక్కా అంతా తడిపి, వాడి కాళ్ల దగ్గర పడుకుంది.

శత్రువు అడ్డుపడ్డాడని తమ్ముడు నా చెవిలో అన్నాడు. సాతానుని మేం అలా అంటాం. అంటూ నిమ్మకాయ వైపు చూశాడు. ఆ నాయనమ్మకి ఇదేమీ తెలియదు. పాపం, జాలిపడి దగ్గరికొచ్చింది.

"మా దగ్గర ఇంకో నిమ్మకాయ ఉందండీ. కట్టమంటారా?"

వద్దండీ, థాంక్సండీ అని నేనే చెప్పాల్సొచ్చింది. వాళ్ల నిమ్మకాయ చేసిన పుణ్యమేదో నాకు తెలియదు గానీ, అది రెక్కకి వేలాడింది, బిరడా జోలికి మాత్రం పోలేదు.

పిల్ల ఏడవలేదు. బిరడా తీసి వేళ్లతో రుద్దింది, వాసన చూసింది, మా ముగ్గురి మొహాలూ చూసింది.

"నాన్నా, దీనికి నూనె రాశారా?"

"అభిషేకం చేశానమ్మా."

పిల్ల క్యాంటీన్లోకి వెళ్లి గిన్నెలు కడుగుతున్నామె దగ్గర సబ్బు అడిగి, బిరడానీ సీసా మూతినీ తోమింది. వాళ్లమ్మ చీర కొంగుతో తుడిచింది. తిన్నగా సార్ దగ్గరికి వెళ్లి, బహుమతి వద్దు సార్, ఒక్కసారి ఎగరేసుకుంటాను అంది. ఆయన చేతిలో మేమిచ్చిన మామిడిపండు ఉంది. దాన్ని పక్కన పెట్టి, పద అన్నాడు.

అందరూ భోజనాల వరసలో ఉన్నారు. మైదానంలో మేం నలుగురం, సార్. ఈసారి పిల్ల పంపు కొడుతూనే ఉంది, బిరడా జారకుండా మూతిని పట్టుకునే ఉంది. చేతులు వణికేదాకా కొట్టింది. అప్పుడు వదిలింది చూడండి బిరడా, సీసా కాలేజీ వాటర్ ట్యాంకు దాటి లేచింది. పిల్ల నోరు తెరుచుకుని తల వెనక్కి వంచి చూస్తోంది. సండేస్కూల్లో ఇన్నేళ్లుగా పిల్లలకి ఆరాధన అంటే ఏమిటో మాటలతో చెబుతున్నాను. ఆ మొహం చూపిస్తే సరిపోయేది.

తమ్ముడు హల్లెలూయ అన్నాడు. నూనె పనిచేయడానికి కొంత సమయం పట్టిందన్నాడు.

తిరుగు ప్రయాణంలో మైలవరం దగ్గర టీ తాగుతూ వాడు ఎవరికో ఫోన్లో చెబుతున్నప్పటికి వాటర్ ట్యాంకు కాస్తా సెల్ టవరైంది. కారెక్కాక పిల్లకి విషయం విడమరిచి చెప్పాడు. శత్రువు ఆపాడు, అభిషేకం గెలిచింది. ఆదివారం నువ్వు చెప్పాల్సింది ఇంతే. ఇది చక్కగా చెబితే చలికాలం శిబిరానికి నేనే తీసుకెళతాను. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆదివారం వచ్చింది. ముందు వాడు మాట్లాడాడు. మైకు వాడిదే కదా. రాకెట్టు మేఘాల్లోకి వెళ్లి కనపడకుండా పోయింది. నిమ్మకాయ గుమ్మడికాయంత అయింది. తర్వాత కూతుర్ని పిలిచి మైకు చేతికిచ్చాడు. ఏం చెబితే ఏం దొరుకుతుందో, ఏం చెబితే ఏం పోతుందో దానికి బాగా తెలుసు. మరదలు నా చెయ్యి పట్టుకుంది.

"అందరికీ వందనాలు. నా రాకెట్టు మొదట ఎగరలేదు. బిరడాకి నూనె అంటింది, అందుకని జారిపోయింది. సబ్బుతో కడిగితే ఎగిరింది, వాటర్ ట్యాంకు పైదాకా. సబ్బు ఇచ్చిన ఆంటీకి, ఇంకోసారి చేయనిచ్చిన సార్‌కి థాంక్స్. వాళ్లని అక్కడ ఉంచిన దేవునికి స్తోత్రం."

వెనక వరసలో ప్రతి మాటకీ ఆమెన్ అనే ఒక ముసలమ్మ మాత్రం అలవాటు ప్రకారం ఆమెన్ అంది. అయ్యగారు వెంటనే పాట ఎత్తుకున్నారు, అన్ని చరణాలూ పాడించారు. ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, మిగిలిన నూనె ఏం చేశారమ్మా అని మెల్లగా అడిగారు. మరదలు తలకి రాసుకుంటోందని చెప్పాను. అది అబద్ధం కాదు.

ఆ సాయంత్రం మేడ దిగి తమ్ముణ్ణి అడిగాను, పిల్ల చేసిన తప్పేంటని. దేవునికి రావలసిన మహిమ తగ్గించిందన్నాడు.

"ఆయన మహిమ నిలబడ్డానికి మన అబద్ధం ఆసరా కావాలా?"

"అబద్ధమెందుకవుతుందక్కా? విశ్వాసంతో చెప్పిన మాట."

"పదిమందిలో లేనిది ఉందని చెబితే దాన్ని వాక్యం ఏమంటుందో నీకు నేను నేర్పాలా? నేనే నేర్పాను కదరా, సండేస్కూల్లో."

వాడు ఆలోచిస్తానన్నాడు. ఇప్పుడు వానలు కూడా వెళ్లిపోయాయి. చలికాలం శిబిరానికి పిల్లల్ని చేర్చుకుంటున్నారు. వాడు పంపిస్తాననడు, పంపననడు, క్రిస్మస్ పాటల ప్రాక్టీసు ఉందంటాడు. పిల్ల బతిమాలడం లేదు, చెప్పిన మాట వెనక్కి తీసుకోవడమూ లేదు. ఇంట్లో తండ్రీ కూతుళ్లు ఒకరికొకరు ఉప్పు అందించుకుంటారు, మాటలు మాత్రం అందించుకోరు.

నేను మందలించాను, మరదలు బతిమాలింది, పని జరగలేదు. కాబట్టి ఇది చదువుతున్న మీరు, ఏ సంఘంవారైనా సరే, ఉన్నచోటే ఒక్క నిమిషం తలవంచి నాతో కలిసి అడగండి. తండ్రీ, నిజం చెప్పినందుకు మా పిల్ల నష్టపోకుండా చూడు. దాని నాన్న మెడ గట్టిది, నెమ్మదిగానే వంచు, కానీ శిబిరం మొదలయ్యేలోపు వంచు. వాడిది పొగరే గానీ ప్రేమ లేనితనం కాదని నీకు తెలుసు. ఆ పిల్ల ఎగరేసేవన్నీ నీ ఆకాశంలోకే వస్తాయి, వాటిని చూసి సంతోషించు. మీరు కూడా ఆమెన్ అనండి. మా ముసలమ్మలా అలవాటుగా కాదు, కావాలని అనండి.