పెళ్లి ఫొటోల్లో వెనక నిలబడ్డ తల్లి

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, ఒక్క మాట. ఈ రోజు మీ దగ్గర దింపుకుంటాను, వినండి.

పాలకుర్తిలో నాకో ఫొటో స్టూడియో ఉంది. ఏడేళ్ల కింద కొత్త లెన్స్ కొన్నాను. దాని అపర్చర్, అంటే వెలుతురు వచ్చే కన్నం, పూర్తిగా తెరిస్తే చీకటి మండపంలోనూ పెళ్లికూతురి ముఖం వెలిగిపోతుంది, వెనకున్నదంతా మసకబారుతుంది. తగ్గిస్తే వెనకవాళ్లూ స్పష్టంగా పడతారు, కానీ వెలుతురు చాలక ఫొటో ఇసుక చల్లినట్టు వస్తుంది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. ఇది నాకు తెలియనిదా? బాగా తెలుసు. అచ్చం సినిమా లెక్క ఉందని అందరూ మెచ్చుకుంటుంటే తగ్గించబుద్ధి కాలేదు.

ఆ ఏడే పక్క ఊళ్లో ఒక పెళ్లి. పెళ్లికూతురి తల్లి భర్త పోయిన మనిషి. శుభకార్యమని, ఎవరూ చెప్పకముందే తనే వెనక్కి జరిగింది. కన్యాదానం మేనమామ దంపతులు చేశారు. ఆమె ప్రతి ఫొటోలోనూ కూతురి వెనక, రెండడుగుల దూరంలో నిలబడింది. కెమెరా ఎత్తినప్పుడల్లా కొంగు సర్దుకుని నావైపే చూసింది. నేను గమనించాను. గమనించి కూడా పెళ్లికూతురి కళ్ల మీదే ఫోకస్ పెట్టాను. ఒక్కసారి అపర్చర్ తగ్గించి తీస్తే నా సొమ్మేం పోయేది?

మరుసటి ఏడు ఆ తల్లి గుండెపోటుతో పోయింది. దశదినకర్మకు పటం కట్టించాలని కూతురు స్టూడియోకి వచ్చింది. పెళ్లి ఫొటోలన్నీ తిరగేశాం. చీర రంగు తెలుస్తోంది, ముఖం తెలియడం లేదు.

"అన్నా, మా అమ్మ ఒక్కదాంట్ల గూడ సాఫ్‌గ లేదేంది?"

"అమ్మ కదిలింది చెల్లె" అన్నాను.

ఆమె ఆ మసక ముఖం మీద వేలు పెట్టింది. "గంతే అన్నా, ఒక్క తాన కుదురుగ నిలవడకపాయె. నా పెండ్లి నాడన్న జర నిలవడొద్దా?" అంటూ పోయిన తల్లి మీద కోపంతో ఏడ్చింది. నేను మంచినీళ్లు ఇచ్చాను. చివరికి ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేయించుకుని వెళ్లింది.

ఎందుకలా అన్నాను? పని రానివాడినంటారని భయమా? మహా అయితే నాలుగు తిట్లు తిట్టేది. నాకు రావాల్సిన ఆ తిట్లను, ఇక నోరు తెరిచి కాదనలేని మనిషి మీదికి తోసేశాను. ఆ అమ్మాయి ఇప్పటికీ తన పిల్లల ఫొటోలు నా దగ్గరే తీయిస్తుంది. బాగున్నావా అన్నా అంటుంది. సిగ్గుతో తల ఎత్తలేను.

ఆ తల్లి కదలలేదు. నేను బటన్ నొక్కేదాకా రెప్ప కూడా వేయలేదు. ఈ మాట రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. వినాల్సిన మనిషికి మాత్రం ఇంకా చెప్పలేదు.