సుభానీ వ్యాన్‌లో ఆరని ఎర్ర లైటు

అది 1986. బడులు తెరిచిన కొత్త. జూన్ 23, సోమవారం పొద్దున, పిడుగురాళ్లలో మా ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు సుభానీ బడి వ్యాన్ తెచ్చి ఆపాడు. షాపులో బ్యాటరీలు, డైనమోలు మా ఆయన చూసేవాడు, వైరింగ్ నాది. మా నాన్న దగ్గర మోటార్ల లోపలి ఆర్మేచర్‌కు రాగితీగ చుట్టడం నేర్చుకున్నదాన్ని కాబట్టి సన్న తీగల పని నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"అక్కా, తలుపేసినా లైటు ఆరట్లా" అన్నాడు సుభానీ.

తలుపు సరిగా పడలేదని చెప్పే లైటు ఆ రోజుల్లో మా వైపు బళ్లకు ఉండేది కాదు. కిందటి ఏడు సుభానీయే అడిగి నా చేత పెట్టించుకున్నాడు. పని తేలికే. తలుపు పడే చోట, బండి బాడీకి స్ప్రింగు ఉన్న చిన్న డోర్ స్విచ్ బిగిస్తాం. తలుపు తెరిస్తే స్విచ్ మొన బయటికొచ్చి, లైటు నుంచి వచ్చే వైరును బాడీకి కలుపుతుంది. దీన్నే ఎర్త్ అంటాం. ఎర్త్ అందగానే డ్రైవర్ ముందున్న ఎర్ర లైటు వెలుగుతుంది. తలుపు గట్టిగా పడితే మొన లోపలికి పోయి లైటు ఆరుతుంది.

నేను తలుపు తెరిచాను, వెలిగింది. మూశాను, ఆరింది. అయినా స్విచ్ విప్పి చూశాను. మా ఊరి సున్నపు బట్టీల దుమ్ము మొన చుట్టూ గట్టిపడి ఉంది. గీకి, గ్రీజు రాసి బిగించాను. మంగళవారం మళ్లీ వచ్చాడు. కొత్త స్విచ్ వేశాను. బుధవారం మళ్లీ వచ్చాడు. ఈసారి బడి నడిపే టీచరమ్మ కూడా వెంట వచ్చింది.

"ఏమ్మా, మూడు రోజుల నుంచి పిల్లలు మొదటి బెల్లుకు అందట్లేదు. ఈయన ఆగిన చోటల్లా దిగి, చుట్టూ తిరిగొచ్చి తలుపు గుంజి చూస్తున్నాడంట. బండి నడుపుతున్నాడా, ప్రదక్షిణలు చేస్తున్నాడా? ఆ బల్బు పీకేయండి, పీడా పోద్ది."

"పీకొద్దమ్మగారూ" అన్నాడు సుభానీ.

"అయితే సోమవారం నుంచి వేరే డ్రైవర్ని పెట్టుకుంటా. నరసరావుపేట ఆయన ఒకడు అడుగుతానే ఉన్నాడు" అని ఆమె నడుచుకుంటూ బడికి వెళ్లిపోయింది.

సుభానీ స్టీరింగు ముందు కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. నేను ఎడమ తలుపు దగ్గర నిలబడి, "ఏంది సుభానీ, ఆ లైటు మీద అంత పట్టుదల?" అన్నాను. పలకలేదు. కొంచెం గట్టిగా మళ్లీ అడిగాను. పలకలేదు. కోపమేమోననుకుని, చుట్టూ తిరిగి కుడి కిటికీ దగ్గరకు వెళ్లి అదే మాట మెల్లగా అడిగాను. ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చావక్కా?"

నేను అతని ముఖంలోకి చూశాను. "ఎడమ చెవా?"

తల దించుకున్నాడు. "ఇదివరకు క్వారీలో పనిచేసేటప్పుడు రాళ్లు పేల్చే మందు పక్కనే పేలి పోయిందక్కా. కుడిది బాగుంది, హారన్లన్నీ వినపడతయ్. కానీ పిల్లలెక్కే తలుపు ఎడమ పక్క గదా. పడిందో లేదో నాకు తెలవదు. నిరుడు మలుపులో తలుపు తెరుచుకుంది. పక్కనున్న పిల్ల పట్టుకోబట్టి ఒక చిన్నపిల్ల కింద పడలా. ఆ పూటే నీ దగ్గరకొచ్చి లైటు పెట్టమన్నా."

"టీచరమ్మకు చెప్పలేదా?"

"చెవిటోడికి పిల్లల్నెవరు అప్పజెప్తారక్కా?"

ముందు లైటు సంగతి తేల్చాలనుకున్నాను. "అసలది ఎప్పుడు వెలుగుద్ది? సరిగ్గా చెప్పు."

"ఖాళీ బండిలో ఎన్నడూ వెలగలా. పిల్లలు నిండాక వెలుగుద్ది. సాయంత్రం సగం మంది దిగినాక దానంతటదే ఆరుద్ది."

మూడు రోజులుగా నేను చూస్తున్నది ఖాళీ బండిని. బండిలో ఎక్కే పిల్లలు పద్నాలుగు మంది. తలకు ఇరవై కిలోలు వేసుకున్నా రెండు వందల ఎనభై. పెద్దవాళ్లు ఆరుగురు చాలు. వీధిలోకి వెళ్లి దొరికిన వాళ్లను పిలుచుకొచ్చాను. పక్క షాపు దర్జీ వాళ్లమ్మ ఖాజాబీ అత్త అందరికంటే ముందు ఎక్కి వెనక సీటు మధ్యలో సర్దుకుంది.

"ఏమే, సినిమాకా?" అంది.

"కాదత్తా, బండి కదలదు. ఊరికే కూర్చోండి."

"కదలని బండిలో షికారేంది వదినా? మీ ఆయన పెట్రోలు పోయించలేదా?" అని ఇంకొకామె అంది. అందరూ నవ్వారు.

తలుపు మూశాను. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. సుభానీ చిన్నగా "అదిగో" అన్నాడు. ఒక్కొక్కరినే లేచి నిలబడమన్నాను. ఖాజాబీ అత్త లేవగానే లైటు ఆరింది. కూర్చోగానే వెలిగింది.

"ఓసినీ, నా బరువుకు మీ దీపం కూడా కేక పెడతందే!"

ఆ సీటు పైకెత్తి చూశాం. వేసవి సెలవుల్లో సీట్లకు కొత్త దూది కుక్కించారట. బిగించేటప్పుడు, సీట్ల కింద నుంచి లైటుకు పోయే నా వైరు ఈ సీటు స్ప్రింగు కిందకు పోయింది. పైన బరువు పడ్డప్పుడల్లా స్ప్రింగు కొస వైరు తొడుగును కోసుకుపోయి లోపలి రాగికి తగులుతోంది. స్ప్రింగుకు తగిలితే బాడీకి తగిలినట్టే. తలుపు మూసే ఉన్నా లైటుకు తెరిచినట్టే లెక్క. కొత్త వైరు తీసుకుని, పైన స్లీవు గొట్టం తొడిగి, సీట్ల కింద నుంచి కాకుండా పక్క గోడ వెంట క్లిప్పులు కొట్టి లాగాను. అత్తను మళ్లీ కూర్చోబెట్టాను. లైటు వెలగలేదు.

"ఇక రెండో సంగతి నువ్వే చెప్పాలి. నేను చెప్పను" అన్నాను సుభానీతో.

మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. తొడుగు తెగిన వైరు చూపించాను. సుభానీ క్వారీ సంగతీ మలుపు సంగతీ అంతా చెప్పాడు. ఆమె మా స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మలుపులో జరిగింది నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసిందమ్మగారూ."

"ఇప్పుడు నాకు భయమేస్తంది" అంది. లేచి నిలబడింది. "రేపు నరసరావుపేట పోయి చెవుల డాక్టరుకు చూపించుకో. ఆ కుడి చెవితో బండి నడపొచ్చని ఆయనంటేనే తాళాలిస్తా. అందాకా పిల్లలు నడిచొస్తారు. డాక్టరు ఒప్పుకుంటే బడి ఆయాను తలుపు దగ్గర కూర్చోబెడతా. లైటు కూడా ఉండాల్సిందే."

"మరి ఆ వేరే డ్రైవరు?" అని అడిగాను.

"తలుపు పడిందో లేదోనని పది చోట్ల దిగి చూసేవాడు నాకు మళ్లీ దొరుకుతాడా అమ్మా?"

జూన్ 28, శనివారం పొద్దున వ్యాన్ మా షాపు ముందు ఆగింది. డాక్టరు ఏమన్నాడో సుభానీ చెప్పనక్కర్లేకపోయింది. లోపల పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. ఎడమ పక్కన ఆయా తలుపు తెరిచి, మళ్లీ గట్టిగా లాగింది. నిండు బండిలో ఎర్ర లైటు వెలిగి ఆరింది. సుభానీ నా వైపు చూసి తలూపి, బండి పోనిచ్చాడు.

ఆ తర్వాత ఏ బండి వచ్చినా, స్క్రూడ్రైవర్ అందుకునే ముందు నేను డ్రైవర్ని ఒకటే అడిగేదాన్ని: ఇది చెడినప్పుడు లోపల ఎవరున్నారు?