చెయ్యి అందేంత దూరం

నా కెమెరాకి ఉన్నది ఒక్కటే లెన్సు, వైడ్ యాంగిల్. అందులో జూమ్ ఉండదు. ఏదైనా పెద్దగా పడాలంటే నేనే నడిచి దాని దగ్గరికి పోవాలి. ఒకప్పుడు జూమ్ లెన్సు కూడా ఉండేది. అండమాన్ తేమకి దాని లోపల బూజు పట్టి, ఏది చూసినా పల్చటి మీగడ కట్టినట్టు కనబడటం మొదలయ్యాక బీరువా మీదికి ఎక్కించేశాను. అప్పటినుంచి ఈ ఒక్కదానితోనే కాపురం.

ఆఫీసులో పిక్నిక్‌కి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, దూరంగా ఉన్న మేం చీమల్లా పడ్డామని. దగ్గరికి రమ్మంటే సిగ్గుపడి చెట్టుచాటుకి పోయింది మీరే కదా అని నేనంటాను. నాకు నోటి దురుసు ఎక్కువని మా అమ్మ బాధ. ఫోటో విషయంలో మాత్రం నా దురుసుకి కారణం ఉంది. ఈ లెన్సు దగ్గరున్నదాన్ని ఉన్నదానికన్నా పెద్దది చేస్తుంది, దూరంగా ఉన్నదాన్ని ఇంకా దూరం తోస్తుంది. కన్ను ఫైండర్‌కి ఆనించి చూస్తే మూరెడు దూరంలో ఉన్న మనిషి కూడా గది అవతల ఉన్నట్టుంటుంది. ఇన్నేళ్లుగా వాడుతున్నా ఆ సంగతి ఒక్కోసారి మర్చిపోతాను.

మిన్నీ బేలో మా ఇంట్లోనే మా పిన్ని ఉంటుంది. అమ్మకి చెల్లెలు, బడిపంతులమ్మ. మా ఇంటి వెనక కిటికీ తీస్తే సముద్రం కనబడుతుంది, అందుకని పిన్ని గదిలో ఆ కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది. ఫెరార్గంజ్ దగ్గర బడికి తనే అడిగి మరీ బదిలీ చేయించుకుంది. అక్కడ చుట్టూ పొలాలే. బస్సులో కూడా నీళ్లు కనబడని వైపు సీటు దొరికితేనే కూర్చుంటుంది, లేకపోతే అంత దూరమూ నిలబడే వెళ్తుంది. కొత్త కండక్టర్ ఎవరైనా "బైఠో దీదీ, సీట్ ఖాలీ హై" అంటే నడుంనొప్పి, కూర్చోకూడదని చెబుతుంది.

సునామీ వచ్చినప్పుడు పిన్నీ బాబాయీ నికోబార్ దీవుల్లో టీచర్లు. ఆ పొద్దున బాబాయి చేపలు తెస్తానని పడవలాగే జెట్టీ దగ్గరికి వెళ్లాడు. భూమి ఊగింది. కాసేపటికి నీళ్లొస్తున్నాయని ఎవరో అరిచారు. ఊరంతా కొండమీదికి పరిగెత్తింది, పిన్ని కూడా. బాబాయి మళ్లీ కనబడలేదు.

దాని గురించి పిన్ని ఎక్కువ మాట్లాడదు. ఎప్పుడైనా బట్టలు మడతపెడుతూనో, నా తల దువ్వుతూనో ఉన్నట్టుండి అనేది.

"అందరూ కొండెక్కితే నేనూ ఎక్కేసేనే. జెట్టీ వైపు ఒక్క అడుగైనా వెయ్యలేదు. ఆయన కోసం ఎల్లేదాన్నంటావా, అసలు ఎల్లేదాన్ని కాదంటావా?"

అని నా మొహంలోకి చూసేది, తీర్పు నేనే చెప్పాలన్నట్టు. ఎవరైనా కొండే ఎక్కుతారు పిన్నీ అనేదాన్ని. "ఎవరైనా సంగతి నాకెందుకే" అని మళ్లీ బట్టల్లో పడిపోయేది. నాకు చాలా కోపం వచ్చేది. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలిసేది కాదు.

మా తెలుగు చర్చిలో నెల మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు భోజనం, ఉంటుంది. బాప్తీస్మం తీసుకున్నవాళ్లకే రొట్టె, ద్రాక్షరసం. పిన్ని పుట్టినప్పటినుంచీ చర్చికి వెళ్తున్నా నీళ్లలో మునిగి బాప్తీస్మం తీసుకోలేదు. ఆ కొత్త సంవత్సరానికి బాబాయీ తనూ కలిసి తీసుకుందామనుకున్నారట, ఇంతలో ఆ అల వచ్చింది. అప్పటినుంచి బల్ల రోజున పళ్లెం తన దగ్గరికి వస్తే ముట్టుకోకుండా పక్కవాళ్లకి అందిస్తుంది. మా చర్చికి తొట్టి లేదు, బాప్తీస్మాలన్నీ సముద్రంలోనే ఇస్తారు. ఊళ్లో ఇంకో చర్చిలో తొట్టి ఉంది, అక్కడ ఏర్పాటు చేస్తానని పాస్టరుగారు ఎన్నోసార్లు చెప్పారు.

"వద్దు అయ్యగారూ. తీసుకుంటే ఆ నీళ్లలోనే తీసుకుంటాను. తొట్టిలో మునిగి ఎవర్ని మాయ చెయ్యాలి?" అని పిన్ని ఒకటే పట్టు.

అలా రెండుసార్లు తెల్లచీర కట్టుకుని తీరానికి వచ్చింది. రెండుసార్లూ తడి ఇసుక దాకా వచ్చి వెనక్కి తిరిగింది. రెండోసారి ఇంటికొచ్చాక చీర మార్చుకోకుండా గంటలకొద్దీ మంచం మీద కూర్చుని, చివరికి మా అమ్మతో చెప్పింది.

"ఇంకొక్కసారి ఎల్తానక్కా. అప్పుడూ కాలేదంటే బస్, అంతే, ఇంక ఈ మాట ఎత్తకండి. నేను బల్లకీ రాను, చర్చికీ రాను."

బడి, ఇల్లు కాకుండా పిన్ని వెళ్లే చోటు చర్చి ఒక్కటే. అది కూడా పోతే ఆ మూసిన కిటికీ గదిలో ఏమైపోతుందోనని మా ఇద్దరికీ భయం పట్టుకుంది.

మూడోసారికి రోజు ఖాయమయ్యాక పిన్ని నన్ను పిలిచింది. ఫోటో నువ్వే తియ్యాలంది. చర్చి పనులకి ఎప్పుడూ వచ్చే స్టూడియో భయ్యా ఉన్నాడు, ఆయన దగ్గర ముంజేయంత లెన్సు ఉంది.

"ఆయనైతే ఒడ్డున నిలబడే నీ కనురెప్పమీద నీటిబొట్టు కూడా తీస్తాడు పిన్నీ" అన్నాను.

"అందుకే ఆయనొద్దు. ఆయన ఒడ్డునుంటే నీళ్లలో నేనొక్కదాన్నే ఉంటాను. నీ కెమెరాకైతే దగ్గరుండాలి కదేటి?"

దగ్గరికి రండి, దగ్గరికి రండి అని ఊరందరికీ పాఠాలు చెప్పేదాన్ని, ఈ ముక్క మాత్రం నాకు తట్టలేదు. సరే అన్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే తీరానికి వెళ్లాం. పాస్టరుగారు నడుంలోతు నీళ్లలో నిలబడ్డారు. ఒడ్డున చర్చివాళ్లు పాట అందుకున్నారు. పిన్నికన్నా ముందు మునగాల్సినవాళ్లు కొందరున్నారు, వాళ్ల కోసం స్టూడియో భయ్యా ఇసుకలో స్టాండు పాతుకుని కూర్చున్నాడు. కెమెరా పట్టీ మెడకి రెండు చుట్లు చుట్టుకుని నేను నీళ్లలోకి దిగాను. కాళ్లకింద ఇసుక కొంచెమే, తర్వాతంతా చచ్చిన పగడపు రాళ్లు. అడుగు చూసుకుని వెయ్యాలి.

"జల్దీ కీజియే, పానీ చఢ్ రహా హై!" అని లైఫ్‌గార్డు ఈల వేసి అరిచాడు. పోటు మొదలైంది. ఒక్కొక్కరూ మునిగి లేచి వెళ్తున్నారు, ఒక్కో మనిషికీ నీళ్లు నా చొక్కా మీద ఇంకొంచెం పైకి వస్తున్నాయి. నేను తీయాల్సింది ఒక్క మనిషినే. ఆ మనిషి చివర ఉంది.

పిన్ని వంతు వచ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని తడి ఇసుక దాకా వచ్చింది. నురగ వచ్చి కాలివేళ్లకి తగలగానే అడుగు వెనక్కి వేసింది. మళ్లీ ముందుకి వచ్చింది. మళ్లీ నురగ, మళ్లీ వెనక్కి. పాస్టరుగారు చెయ్యి చాపి ఊరికే నిలబడ్డారు. పాట అయిపోయింది, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. పిన్ని తల అడ్డంగా ఊగడం నాకు కనబడింది. రెండుసార్లూ ఇలాగే తల ఊపి వెనక్కి తిరిగింది. నాకు ఏడుపొచ్చింది, అరవాలనిపించింది, లైఫ్‌గార్డు ఈల లాక్కుని పారెయ్యాలనిపించింది.

ఏదీ చెయ్యలేక కెమెరా కంటికి ఆనించాను.

ఫైండర్‌లో పిన్ని గోరంత ఉంది. ఎడంవైపు పాస్టరుగారి చాచిన చెయ్యి సగమే పడుతోంది. వెనక్కి తిరిగినా సరే, ఆ చెయ్యీ ఆవిడా ఒకే ఫోటోలో ఉండాలనుకున్నాను. ఒక అడుగు వెనక్కి వేశాను. ఈ లెన్సుకి ఒక అడుగంటే లెక్కే కాదు, పెద్ద తేడా రాలేదు. ఇంకో అడుగు వేశాను. మరొకటి. నీళ్లు ఛాతీకి వచ్చాయి. కన్ను తియ్యలేదు. తీస్తే ఈలోగా పిన్ని వెళ్లిపోతుందని భయం. వెనక వేసిన కాలి కింద రాయి లేదు. శరీరం పక్కకి ఒరిగింది, నోట్లోకి ఉప్పునీళ్లు వచ్చాయి. నా వీపు వెనక సముద్రం ఏం చేస్తోందో నేను చూడలేదు.

పిన్ని చూసింది.

ఫైండర్‌లో ఆవిడ నోరు తెరుచుకోవడం కనిపించింది. మాట వినబడలేదు. తెల్లచీర నీళ్లమీద గొడుగులా విచ్చుకుంది. పరిగెత్తుతోంది. ఇంకా దూరంగానే ఉంది, చాలా దూరంగా ఉంది అనుకుంటూ మీట నొక్కాను. ఆ మరుక్షణమే కెమెరా నా నుదుటికి కొట్టుకుంది, నా మణికట్టు మీద ఉక్కుపట్టు పడింది. అల మా ఇద్దరి తలల మీదుగా వెళ్లిపోయింది.

పైకి లేచేసరికి పిన్ని నన్ను లాక్కుంటూ తిడుతోంది.

"బుద్ధుందేటే నీకు! ఎనకాల అంతెత్తున లేస్తంటే కళ్లెక్కడ పెట్టుకున్నావ్! తీసుకెళ్లి ఆ కెమెరాని పొయ్యిలో పెట్టు!"

ఇంకా చాలా అంది. ఆదివారం పూట, పాస్టరుగారి ముందు అనకూడనివి కూడా అంది. తిట్టి తిట్టి ఊపిరి కోసం ఆగింది. అప్పుడు చుట్టూ చూసుకుంది. నీళ్లు తన ఛాతీ దాకా ఉన్నాయి. నా మణికట్టులో గోళ్లు దిగబడ్డాయి. ఇప్పుడు అరుస్తుంది, ఒడ్డుకి పరిగెడుతుంది, అంతా అయిపోయింది అనుకున్నాను. నా వల్లే అయిందని కూడా అనుకున్నాను.

పాస్టరుగారు మెల్లగా మా దగ్గరికి నడిచి వచ్చారు. పెద్ద మాటలేం చెప్పలేదు.

"అమ్మా, ఇక్కడే ఇచ్చెయ్యమంటారా?"

పిన్ని పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నావైపు చూసింది, నీళ్లవైపు చూసింది.

"దీని చెయ్యి మాత్రం వదల్ను" అంది.

"వదలక్కర్లేదమ్మా."

ఆయన ఒక చెయ్యి వీపు కింద పెట్టి, బాప్తీస్మం మాటలు చెప్పి, పిన్నిని వెనక్కి వాల్చారు. నేనూ ఆవిడతోబాటు వంగాను. తెల్లచీర, జుట్టు, మొహం నీళ్లకిందికి వెళ్లాయి. అది రెప్పపాటే అయ్యుంటుంది. నాకు మాత్రం ఆ రెప్పపాటులో మా పిన్ని జీవితమంతా నీళ్లకింద ఉండిపోయినట్టనిపించింది. తర్వాత లేచింది. ముక్కులోంచి నోట్లోంచి నీళ్లు, పొలమారి దగ్గు. కళ్లు తెరవకుండానే నా చెయ్యి ఒకసారి గట్టిగా లాగింది.

"ఉన్నావా?"

"ఉన్నాను పిన్నీ."

ఆరోజు బల్ల ఉంది. తడి జుట్టు వీపుమీద వదిలేసి కూర్చుంది పిన్ని. పళ్లెం వచ్చినప్పుడు అలవాటుకొద్దీ అమ్మకి అందించబోయి, ఆగి, తను తీసుకుంది. అమ్మ ఏడుస్తుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, లేకపోతే నా సంగతీ బయటపడేది.

కెమెరా పోయింది. ఉప్పునీళ్లు లోపలికంటా వెళ్లాయి, ఇక లాభం లేదని స్టూడియో భయ్యా పెదవి విరిచాడు. ఒడ్డునుంచి తను తీసిన ఫోటో తన ఫోన్లో చూపించాడు. పిన్ని నీళ్లలోంచి లేస్తోంది, మూసిన కళ్లు, చెంపల మీద ముత్యాల్లా నీళ్లు. అచ్చం కేలెండర్ మీద వేసుకోవచ్చు. నేను అందులో లేను, ఆవిడ పట్టుకున్న నా చెయ్యి అంచున తెగిపోయింది. అమ్మ ఆ ఫోటో చూసి మురిసిపోయింది. పిన్ని కూడా చూసి బాగుందని ఫోన్ తిరిగిచ్చేసింది.

నా కెమెరాలోని కార్డుని మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాను. సాయంత్రం కంప్యూటర్లో పెడితే, దేవుడి దయ, తెరుచుకుంది. ఆఖరి ఫోటో ఒకవైపు ఒరిగిపోయి ఉంది. ఫోటోలో సగం అరచెయ్యే. అరటిపళ్లంత వేళ్లు, గీతలన్నీ కనబడే పెద్ద అరచెయ్యి. దాని వెనకాల చిన్న మొహం, తెరిచిన నోరు. ఇంకా వెనక ఒడ్డు, ఒడ్డుమీద చీమలంత చర్చివాళ్లు. ఏ రకంగా చూసినా చెడిపోయిన ఫోటో. తీసెయ్యబోతుంటే పిన్ని వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని నా భుజం మీదుగా వంగింది.

"ఈ చెయ్యి నాదేనేటి?"

"నీదే. ఈ లెన్సు అంతే పిన్నీ, దగ్గరున్నదాన్ని..."

"నువ్వు నన్ను పిలిచేవా?"

"లేదు. నోట్లో నీళ్లు, ఎలా పిలుస్తాను?"

"మరి అక్క ఎల్లమందా?"

"అమ్మ నీ కొంగు పట్టుకుని ఆపబోయిందట. విదిలించుకుని వచ్చావట."

పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఫోటో వంక చాలాసేపు చూసింది. తన అసలు చెయ్యి ఎత్తి ఒకసారి చూసుకుంది, మళ్లీ తెర మీది చెయ్యి చూసింది.

"మీ బాబాయి ఇంత దగ్గర్లో ఉండుంటే ఎల్లేదాన్నేనే" అంది.

ఈసారి నా మొహంలోకి చూడలేదు.