ఏటి నీళ్లు

పన్నెండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. రెండక్షరాల మాట. ఇన్నేళ్లలో దాన్ని దించుకోవాలని రెండు మూడుసార్లు మా పాత సందులోకి వెళ్లాను. ప్రతిసారీ వాన గురించో కరెంటు గురించో మాట్లాడి వచ్చేశాను. మీరెవరో నాకు తెలీదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది రంగూన్‌లో అహ్లోన్. నది ఒడ్డున పాత బియ్యం మిల్లుల వెనక ఒక సందు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి మిల్లులో బస్తాలు మొయ్యడానికి వచ్చాడు. సందులో దాదాపు అందరం అలా వచ్చినవాళ్ల సంతానమే. చివరిది మా ఇల్లు. మా వంటగది గోడకు అవతల అందరి నుయ్యి. మేం బావి అనం, నుయ్యి అంటాం. ఏమిటి అనం, ఏటి అంటాం. అవే అనం, అయ్యే అంటాం. రాసే తెలుగు నేను పెద్దయ్యాక గుడి హాల్లో నేర్చుకున్నాను. ఆ చదువే నాకు అబద్ధమాడే దారి చూపిస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఊరి నడిబొడ్డున చౌక్తడాలో ఒక ఆఫీసులో కాగితాలు ఇంగ్లీషులోకి మార్చే పని నాది. అక్కడికి ముతాలే అనే విద్యార్థిని వచ్చింది. జాంబియా దేశం, లుసాకా ఊరు. ఆఫ్రికా నగరాల్లో పేదల పేటలకు తాగునీరు ఎక్కడినుంచి వస్తుంది, మరుగుదొడ్ల గుంతలు దానికి ఎంత దూరంలో ఉంటాయి అన్నది ఆమె పరిశోధన. మూడు నగరాలు తిరిగేసింది. ఆఫ్రికాలో కనిపించింది మరోచోట కూడా కనిపిస్తుందో లేదో చూద్దామని ఒక్క సందు కోసం ఇంతదూరం వచ్చింది. మా సందులో ముసలివాళ్లకు తెలుగే బాగా వచ్చు కాబట్టి దుబాసీగా నన్ను పెట్టుకుంది.

ఆ అమ్మాయి పని చేసే తీరు నాకు వింతగా ఉండేది. చేతిలో కొలత టేపు, మెడలో రికార్డరు. మనుషులు ఏమన్నారో అన్నట్టే రికార్డు చెయ్యాలి. ఎవరూ సవరించకూడదు. దాన్ని ఆ పేటతో సంబంధం లేని మనిషి విని రాయాలి, అప్పుడే మొహమాటాలుండవు అనేది. అందుకని తన యూనివర్సిటీలో చదువుతున్న ఒక తెలుగబ్బాయిని కుదుర్చుకుంది. గోదావరి వైపు వాడు.

ఒకరోజు అంది. "మా ఊళ్లో మీ గుంత ఎక్కడుందని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. వాన పడ్డాక వాసన ఎక్కణ్నుంచి వస్తుందని అడిగితే మాత్రం పక్కింటివాళ్లది వేలు పెట్టి చూపిస్తారు."

నేను నవ్వాను. మా గుంతను చూపించేవాళ్లెవరూ లేరని లోపల లెక్క వేసుకుంటూ నవ్వాను.

ఎందుకంటే అంతకు ముందు సంవత్సరం వెనక సందు వైపున్న మా పాత గుంత పూడ్చేసి అక్కడ గది కట్టించాను. కొత్త గుంత వంటగదిలో తవ్వించాను. అడుగున ఇటుక లేదు, పక్కల సిమెంటు లేదు. పైన నున్నగా గచ్చు. నేల బాగు చేయిస్తున్నామని సందులో చెప్పాను. అక్కడి నుంచి నూతికి పదడుగులు కూడా ఉండవు. నాకు తెలీక చేశానా? తెలుసు. తవ్వుతున్నవాడు ఒకసారి గోడ వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. నేను టీ తెస్తానని బయటికి వెళ్లాను.

ఇక ఆ రోజు. ముతాలే సందు మొగలో అడుగులు కొలుస్తోంది. రికార్డరు నా చేతికిచ్చి, ఆడవాళ్లను అడగమంది. నూకాలమ్మ పెద్దమ్మ అరుగు మీద చేపలు కోస్తోంది. నా చిన్నప్పటినుంచీ నన్ను ఎరిగిన మనిషి.

"పెద్దమ్మా, మీ ఇంట్లో తాగడానికి ఏ నీళ్లు వాడతారు?"

కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఏటి నీళ్లు, నాయనా..." అని నవ్వి, కత్తి మొనతో మా గోడ పక్కన నూతిని చూపించింది. "అయ్యే."

ఆమె కోడలు గౌరి పక్కనే బట్టలు పిండుతోంది. "నువ్వు చెప్పమ్మా," అన్నాను.

"అత్త సెప్పినయ్యే. నాకోసం సీసాలో నీళ్లు తెప్పిస్తాదేటి మా అత్త?"

"తెప్పిస్తానుండు, కాపుకొచ్చిన కొబ్బరిబొండాలు గూడా తెప్పిస్తాను," అంది నూకాలమ్మ. మళ్లీ నా వైపు తిరిగింది. "ఒరే, ఆ పిల్లకి సెప్పు. ఈడు గూడా అయ్యే తాగి పెరిగినాడని సెప్పు. అడగడానికొచ్చినాడు పెద్ద దొరలాగ."

మిగిలిన ఇళ్లవాళ్లందరూ ఆ నవ్వులోనే "పెద్దమ్మ సెప్పినయ్యే" అన్నారు. రికార్డరు మాటల్ని పట్టుకుంది. కత్తి మొనను పట్టుకోలేదు.

మా ఇంటి గుంత ఎక్కడని ముతాలే అడిగితే వెనక సందు వైపు అన్నాను. రాసుకుంది. అంతటితో ఆగినా నా తప్పు ఒకటే అయ్యేది.

ఆమె వెళ్లిపోవడానికి మూడు రోజుల ముందు టీ కొట్టులో కలిశాం. గోదావరి అబ్బాయి రాసి పంపిన కాగితాలు ముందు పెట్టింది. "మీ సందు మొత్తం నది నీళ్లు తాగుతుందని రాశాడు. మీరు కూడా అవే తాగి పెరిగారట. కానీ నది వైపు బిందెతో వెళ్తున్న మనిషి నాకు ఒక్కరూ కనబడలేదు. ఇది సరిగ్గానే ఉందా? నూతి నీళ్లయితే చెప్పండి, వెళ్లేలోపు పరీక్షకు పంపిస్తాను."

అర్థమైంది నాకు. పెద్దమ్మ ఏమిటి నీళ్లని నవ్వితే, ఆ అబ్బాయి ఏటి నీళ్లంటే ఏటి నీళ్లనే అనుకున్నాడు. అతని తప్పేం లేదు. ఏరు అంటే నది. ఏటి ఒడ్డు, ఏటి ఇసుక, ఏటి నీళ్లు. పుస్తకాల తెలుగులో అంతే. మా సందులో ఎవడైనా ఆ బురద ఉప్పునీళ్లు నోట్లో పోసుకుంటాడా అని అతనికెలా తెలుస్తుంది?

ఆమెతో ఏమన్నానో నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. "తెలుగులో ఏరు అంటే నది. ఏటి అంటే నదికి చెందినది." అంతే అన్నాను.

చూడండి, ఒక్క ముక్కా అబద్ధం కాదు. ఈ సంగతే నన్ను ఇన్నేళ్లుగా తొలుస్తోంది. అబద్ధం ఆడకుండా మోసం చెయ్యడం నాకు ఎక్కడినుంచి వచ్చింది? ఎవరూ నేర్పలేదు. ఆ క్షణంలో భయపడ్డానా అని వెతుకుతాను, భయం కనబడదు. ఒక చిన్న గర్వం కనబడుతుంది. గుడి హాల్లో మాస్టారు అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పినప్పటి గర్వం. దానికంటే భయమే నయం కదా?  ముతాలే కాగితం మీద టిక్కు పెట్టింది. నూతి నీళ్లు పరీక్షకు వెళ్లలేదు.

ఆ వానాకాలం మా సందులో నాలుగైదు ఇళ్లలో పచ్చకామెర్లు వచ్చాయి. గౌరి అప్పుడు ఆరో నెల కడుపుతో ఉంది. గౌరి బతికింది. బిడ్డ దక్కలేదు. మా గుంత వల్లేనా? తెలీదు. నది పొంగి మురుగు కాలవలన్నీ సందులోకి వచ్చిన సంవత్సరం అది. దేనివల్లనైనా కావచ్చు. కానీ తెలుసుకునే వీలు ఒకటి ఉండింది, దాని మీద నేను కూర్చున్నాను.

మరుసటి సంవత్సరం ముతాలే తన పరిశోధన గ్రంథం పంపింది. ముందు పేజీలో నాకు కృతజ్ఞతలు. లుసాకా గురించి రాసిన భాగాలు చదివాను, ఎంత ఓపికగా కొలిచిందో. చివర్లో మా సందు ఒక పేజీ. గుమ్మం ముందు నుయ్యి పెట్టుకుని నదికి వెళ్లే వింత మనుషులం మేము. ఎందుకలా అని పాపం ఆమె చాలా ఆలోచించింది. హిందువులకు నదులు పవిత్రం కాబట్టి కావచ్చునని రాసింది. ఒక్క మాటతో నేను మా సందుకు లేని భక్తిని కట్టబెట్టాను.

ఆ భక్తి గురించి పరిశోధన చేస్తానంటూ మొన్న కంపాలా నుంచి మరో విద్యార్థి నాకు ఉత్తరం రాశాడు. అదొకటి. ఇంకొకటి, మా ఇల్లు అమ్మేసి ఎనిమిదేళ్లయింది. కొన్నవాళ్లు మరుగుదొడ్డి మార్చారు, వంటగది గుంత సంగతి వాళ్లకు తెలీదు. ఇప్పుడు పక్కగదిలో అద్దెకున్నవాళ్ల మురికినీళ్లు ఆ గచ్చు కిందికే దిగుతున్నాయి. మధ్యలో సందులో అందరూ క్యాన్ల నీళ్లకు అలవాటుపడ్డారు. ఈమధ్య కరెంటు రోజుకు కొన్ని గంటలే ఉంటోంది, మోటార్లు నడవవు, క్యాన్లు అందవు. మళ్లీ నూతికే వస్తున్నారు.

కంపాలా విద్యార్థికి నిజం రాశాను. ముతాలేకి రాశాను. ఆమె నుంచి ఇంకా ఏమీ రాలేదు. గౌరికి తెలుగు చదవడం రాదు, కాబట్టి ఇదంతా బర్మీస్‌లో రాసి, గుంత ఎక్కడుందో బొమ్మ గీసి, మొన్న ఆదివారం ఆమె చేతికిచ్చాను. అరుగు మీదే నిలబడి చదివింది. రెండోసారి చదివింది. దండ వేసిన నూకాలమ్మ ఫోటో ఉన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను వచ్చేశాను.

ఇవాళ పొద్దున ఆ సందులోంచి నడిచాను. నూతి మీద పెద్ద రేకు పరిచి, దాని మీద రాళ్లు పెట్టారు. గౌరి ఎదురొచ్చింది. నన్ను చూసి కూడా ఆగలేదు. రెండు చేతుల్లో ఖాళీ క్యాన్లతో పెద్ద రోడ్డు వైపు వెళ్లిపోయింది. అంతదూరం ఆమెను నడిపించింది నేనే. అయినా, పన్నెండేళ్లలో మొదటిసారి ఆ గోడ పక్కన తలెత్తి నిలబడ్డాను.