ఎడమచేతి వడ్రంగిపిట్ట

మాది గజపతినగరం దగ్గర పల్లె. ఇంటి వెనక జీడితోట దాటితే కొండ, కొండ కింద చిట్టడవి. పెళ్లయిన కొత్తలోనే అక్కడి పిట్టల్ని నల్ల ఇంకుతో గీయడం మొదలుపెట్టాను. ఇంకు గీతను చెరపడానికి ఉండదు. ఒక్కో ఈకా నిదానంగా గీసుకుంటూ పోవాలి.

ఒక వానాకాలం చేను గట్టు మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక ఎముక అతికిందన్నారు గానీ, సన్నటి కలం పట్టుకుంటే వేళ్లు నిలవడం లేదు. అప్పటికి పెద్ద బొమ్మ ఒకటి సగంలో ఉంది. చెట్టు తొర్రలోని పిల్లకు మేత పెడుతున్న వడ్రంగిపిట్ట. విజయనగరంలో బొమ్మల ప్రదర్శనకు ఇస్తానని మాటిచ్చేశాను. ఇక నావల్ల కాదని వాళ్లకు ఫోన్ చేసి చెప్పమన్నాను మా ఆయన్ని. ఆయన ఫోన్ ముట్టుకోలేదు.

"రెండో సెయ్యి ఉన్నాది కదే. దానికేటి రోగం?" అన్నాడు.

ఒళ్లు మండింది. ఆ మంటలోనే కలం ఎడమచేత్తో పట్టుకున్నాను. పాత పేపర్ల మీద రోజూ సాధన. గీతలన్నీ వంకరే. అయితే చెట్టు బెరడుకి వచ్చేసరికి ఆ వంకరే కలిసొచ్చింది. పగుళ్లు, పెచ్చులు, ఎగబాకే చీమల బారు, వీటిని కుడిచెయ్యి ఎప్పుడూ అంత నిజంగా గీయలేదు.

చివరికి పిట్ట కన్ను మిగిలింది. మెరుపు కోసం ఆవగింజలో సగమంత తెల్లకాగితం వదిలి, చుట్టూ నలుపు నింపాలి. చెయ్యి అదిరితే ఇన్నాళ్ల పనీ పోయినట్టే. ఎన్ని పేపర్ల నిండా కళ్లు గీశానో నాకే తెలీదు. ఒక పొద్దున చెయ్యి తేలిగ్గా అనిపించింది. ఊపిరి బిగబట్టి గీసేసి, మా ఆయన్ని పిలిచాను. పాలకేను పట్టుకునే వచ్చి బొమ్మ మీదికి వంగాడు.

"ఒసే, అది మనల్నే సూస్తన్నాదే," అన్నాడు మెల్లగా.

ప్రదర్శనలో ఆ బొమ్మకే మొదటి బహుమతి. జనం మొహాలు పటం అద్దానికి దగ్గరగా పెట్టి చూస్తుంటే ఓ మూల నిలబడి నా ఎడమచేతిని నేనే నిమురుకున్నాను. తిరుగు బస్సులో మా ఆయన ముందు సీటువాళ్లకీ వెనక సీటువాళ్లకీ కథంతా చెప్పాడు. నేను ఆపలేదు.

కుడిచెయ్యి ఇప్పుడు కూరలు తరుగుతుంది. కలం మాత్రం ఎడమచేతిదే.