చిన్నాయన చీరల సైటు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అనంతపురంలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి వచ్చిన నాకు పొగరు బాగానే ఉండేది. ధర్మవరంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పని దొరికింది. పట్టుచీరలు నేసే మా చిన్నాయనకు సైటు నేనే రాసిపెట్టాను. వరసగా వానలు లేక మా వైపు పెళ్ళిళ్ళు తగ్గాయి, షావుకార్లు చీర ముట్టుకోవడం మానేశారు. బయటి ఊళ్ళవాళ్ళు చూసి అడిగితేనే ఆ మగ్గం నిలుస్తుంది. లేదంటే విప్పేయాల్సిందే.

పద్దెనిమిది చీరల ఫోటోలు పెట్టి, సైటును అందరికీ కనపడేలా అద్దె సర్వర్లోకి ఎక్కించాను. చిన్నాయన రెండు రోజులకోసారి వచ్చి, నా కుర్చీ వెనక నిలబడి, నా కంప్యూటర్లో ఒక్కో చీరా తీరిగ్గా చూసుకునేవాడు.

"నెమలికంఠం రంగు ఎంత బాగా వచ్చినాదో సూడు పాపా. కావాలని ఎవురన్నా రాసినారా?"

"ఇంకా లేదు చిన్నాయనా."

ఐదు నెలలు ఇదే మాట.

ఒకరోజు గుత్తిలో స్నేహితురాలి ఆఫీసుకు వెళ్ళి, గొప్పలకు పోయి ఆ సైటు తెరిచాను. పేర్లున్నాయి, ధరలున్నాయి. చీర ఉండాల్సిన ప్రతిచోటా ఖాళీ గడి, మూలన ఎర్ర ఇంటూ గుర్తు. కోడు తెరిచి చూస్తే అర్థమైంది. ప్రతి ఫోటోకూ ముందు నా కంప్యూటర్ అడ్రసే రాసి వదిలేశాను. పేజీ ఇప్పుడు ఏ అడ్రసులో ఉందో కోడు తనంతట తానే కనుక్కోవాలి. దానికి ఒక్క లైను చాలు. ఎంత తెలివితక్కువదాన్నో, ఆ లైను రాయలేదు. నా కంప్యూటర్లో తెరిస్తే ఫోటోలు అందులోనే దొరికేవి. ఇంకెక్కడా, ఎవరికీ దొరికేవి కావు.

మర్నాడు పొద్దున్నే ఆ లైను రాసి చిన్నాయన ఇంటికి పరిగెత్తాను. మగ్గం లేదు. ముందువారమే విప్పేశాడట. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంతను మట్టితో పూడ్చి, చిన్నమ్మ పైన అలికేసింది.

"తప్పు నాది చిన్నాయనా. నీ చీరలు ఎవురూ సూడనే లేదు" అని ఏడ్చాను.

ఆయన నా తల నిమిరాడు. "ఊరడించొద్దులే పాపా. నా కండ్లతో నేనే సూసినా కదా, అన్నీ బాగా కనపడినాయి. సూసినోళ్ళకి నచ్చలే. అంతే."

తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. తన రంగులే బాగాలేవని నమ్మి, చిన్నాయన మళ్ళీ పట్టు ముట్టుకోలేదు.